ఫిర్యాదు లేని వార్డు

మౌనం అర్ధాంగీకారం అన్నారు పెద్దలు. మా ఆఫీసు వాళ్ళు పెద్దలకంటే పెద్దవాళ్ళు కాబట్టి ఆ మిగిలిన సగం కూడా పూర్తి చేసేశారు. ఫోను మోగి మోగి ఆగిపోయి, అవతల ఎవరూ ఎత్తకపోతే, ఆ మనిషి పేరు పక్కన కంప్యూటర్లో 'ఫిర్యాదు లేదు' అని నొక్కాలి. ఉద్యోగంలో చేరిన రోజు నేర్పిన మొదటి పాఠం అది.

నేను నగర ఆరోగ్య కార్యాలయంలో అభిప్రాయ సేకరణ విభాగంలో పని చేసేదాన్ని. ఊరంతా జ్వరం పాకుతున్న రోజుల్లో ఆ విభాగం పుట్టింది. ఆసుపత్రుల్లో మంచాలు చాలడం లేదని టీవీలో ఒకాయన గొంతు చించుకుంటే, ఇంకాసిని మంచాలు వేయిద్దామని ఎవరికీ తోచలేదు. జనం మన గురించి ఏమనుకుంటున్నారో కనుక్కుందామని తోచింది. పుండు ఒకచోట ఉంటే మందు ఇంకోచోట రాయడం మా వాళ్ళకి వెన్నతో పెట్టిన విద్య.

మా గది ఒకప్పుడు మీటింగులు జరిగే హాలు. కుర్చీలు ఎడంగా జరిపి, మధ్యమధ్య ప్లాస్టిక్ అద్దాలు నిలబెట్టి, తలకి హెడ్‌ఫోన్లు తగిలించి కూర్చోబెట్టారు మమ్మల్ని. ఆ హెడ్‌ఫోన్ల స్పాంజికి రోజూ పట్టించే శానిటైజరు వల్ల నా చెవులు పొట్టు లేచిపోయాయి. మా పైఅధికారికి చాటుగా 'శాతం గారు' అని పేరు పెట్టుకున్నాం. ఆయన పొద్దున రాగానే ఎవరెలా ఉన్నారని అడిగేవాడు కాదు. ఎంత శాతం అని అడిగేవాడు.

ఫోను ఎత్తని వాళ్ళకి ఫిర్యాదు లేదని ఎలా అనుకుంటామని మాలో ఎవరో అడిగితే ఆయన చిన్నపిల్లలకి చెప్పినట్టు ఓపిగ్గా చెప్పాడు.

"చూడమ్మా, కడుపు మండినవాడు ఫోను పక్కలో పెట్టుకుని పడుకుంటాడు. ఎప్పుడు మోగుతుందా, ఎప్పుడు తిడదామా అని. ఎత్తలేదంటే ఏంటి? హాయిగా ఉన్నాడని."

"చచ్చిపోయుంటే, సార్?" అంది నా పక్కసీటు అమ్మాయి.

ఆయన కాసేపు నిజంగానే ఆలోచించాడు. "చచ్చినవాళ్ళకి మాత్రం మన మీద ఫిర్యాదేముంటుంది?" అన్నాడు. అందరం తలలూపాం. నేనూ ఊపాను. నెల తిరిగితే జీతం వచ్చే తలలు అవి, ఊగకేం చేస్తాయి.

ఫోను ఎత్తిన జనం మాత్రం తక్కువ తిన్నారా? జ్వరం వచ్చినవాళ్ళందర్నీ ఊరి బయట కంచె వేసి పడేయాలని ఒకాయన నాకు చాలా గట్టిగా చెప్పాడు. మళ్ళీ వారం ఆ నంబరే వచ్చింది. వాళ్ళ మామగారికి జ్వరమట, మంచం దొరకలేదట, అసలు మీకు మానవత్వం ఉందా అని అదే గొంతుతో అడిగాడు. ఒకావిడ అన్ని ప్రశ్నలకీ పూర్తి మార్కులు వేసింది. ఎందుకమ్మా అంటే, పై వాటాలో వాళ్ళందర్నీ తీసుకెళ్ళిపోయారు, ఇల్లు చాలా ప్రశాంతంగా ఉందంది. ఇంకొకాయన ఫోనులో మాట్లాడితే రోగం అంటుతుందా అని అడిగాడు. చెవికి కూడా మాస్కు పెట్టుకోండి అన్నాను. పెట్టుకునే ఉంటాడు.

ఇదీ ప్రజాభిప్రాయం. ఒక రోజు అన్నీ మూసేయాలి, మర్నాడు అన్నీ తెరిచేయాలి, మూసినా తెరిచినా తప్పు పక్కింటివాడిది. దీన్ని పోగుచేసి రంగురంగుల గీతలుగా మార్చి గోడకి అంటించడం మా పని.

అలాంటి రోజుల్లో పిన్నికి జ్వరం వచ్చింది.

పిన్ని అంటే మా అమ్మ చెల్లెలు. అమ్మ పోయాక నన్ను పెంచింది ఆవిడే. మిషను కుట్టి పెంచింది. ముందు గదిలో బట్టలు కుట్టేది, నేర్చుకోవడానికి వచ్చే ఆడపిల్లలకి నేర్పేది, మధ్యమధ్య లోకాన్ని కడిగి ఆరేసేది. చొక్కా బిగుతైందని ఎవరైనా తిరిగి తెస్తే టేపు తీసి వాళ్ళ నడుముకి చుట్టి, "నా టేపు తిండి తినదు, నువ్వు తింటావు" అనేది. ఆవిడ నోటికి చుట్టాలంతా భయపడేవాళ్ళు. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందే అని చెప్పని వాళ్ళు లేరు. దానికి ఆవిడ దగ్గర ఒకటే జవాబు. "అడగందే అమ్మైనా పెట్టదు. ఊరు పెడుతుందా?"

ఆవిడని తీసుకెళ్ళడానికి అంబులెన్సు వచ్చినప్పుడు మా వీధి వీధంతా బాల్కనీల్లోకి వచ్చి చప్పట్లు కొట్టింది. అంబులెన్సు కనబడితే కొట్టాలని వీధి గ్రూపులో మెసేజ్ పెట్టారట. మా గేటుకి ఒక రెక్క పట్టేసి ఉంటుంది, ఎత్తి పట్టుకుంటే గాని తెరుచుకోదు. ముసుగులు వేసుకున్న ఇద్దరు పిన్నిని కుర్చీలో కూర్చోబెట్టి మోస్తున్నారు, నేను సంచులతో ఉన్నాను. చప్పట్లు మాత్రం ఆగలేదు. పిన్ని ఆ జ్వరంలోనే తలెత్తి చూసింది.

"కొట్టింది చాలు గానీ, ఆ చేతులు ఖాళీ అయ్యాక ఎవరైనా వచ్చి గేటు పట్టండి."

చప్పట్లు ఆగిపోయాయి. ఎవరూ దిగి రాలేదు. సంచులు కింద పడేసి నేనే పట్టుకున్నాను.

నన్ను వెంట రానివ్వలేదు. తలుపు వేసేముందు పిన్ని నాకు చెప్పిన మాట ఇది. "రోజూ ఫోన్ చేస్తానే. చెయ్యలేదంటే నాకు నోరు పడిపోయిందనుకో."

బండి మలుపు తిరిగిందో లేదో, కింది వాటా ఆయన పైపు పట్టుకొచ్చి మా మెట్ల మీదా, గుమ్మం మీదా, మెట్ల మీద నిలబడ్డ నా కాళ్ళ మీదా బ్లీచింగు నీళ్ళు కొట్టాడు. చప్పట్లు కొట్టిన చేతులే.

పిన్నిని ఆటల హాల్లో పెట్టారని తెలిసింది. బ్యాడ్మింటన్ ఆడుకునే పెద్ద హాలు అది. నెట్లు విప్పేసి, మంచాలు వేసి, వార్డు అన్నారు. ఆ రోజు ఫోను రాలేదు. మర్నాడూ రాలేదు. సహాయ కేంద్రానికి చేస్తే వీణ వాయించి, మీ కాల్ మాకు చాలా ముఖ్యం అని చెప్పి, మళ్ళీ వీణ వాయించారు. హాలు దగ్గరికి వెళ్తే గేటుకి చాలా దూరంలో తాడు కట్టి ఆపేశారు.

అన్నయ్యకి ఫోన్ చేశాను. అన్నయ్య అంటే పిన్ని కన్నకొడుకు, ఊరికి ఆ చివర ఉంటాడు. తల్లికి జ్వరమని తెలిసినప్పటినుంచి మా వీధి మొదటికి కూడా రాలేదు గాని, కుటుంబం గ్రూపులో మాత్రం పొద్దున్నే దీపాల బొమ్మలు పెడుతున్నాడు.

"కంగారు పడకు. వాళ్ళు ప్రాణాలకి తెగించి పని చేస్తున్నారు," అన్నాడు.

"చేస్తున్నారో లేదో నాకు తెలీదు అన్నయ్యా. పిన్ని ఫోన్ చెయ్యడం లేదు."

"విశ్రాంతి తీసుకుంటోందేమో. నువ్విలా నెగటివ్‌గా ఆలోచించావంటే ఇమ్యూనిటీ పడిపోతుంది. ఎవరో డాక్టరు వీడియో ఉంది, పంపిస్తాను."

పంపించాడు. చూడలేదు.

ఆ వారం శాతం గారు చేతిలో కాగితం ఊపుకుంటూ వచ్చి అందర్నీ లేపి నిలబెట్టాడు. ఊళ్ళో ఉన్న వార్డులన్నిటిలోకీ ఆటల హాలు మొదటి స్థానంలో వచ్చిందట. ఒక్కరంటే ఒక్కరు కూడా ఫిర్యాదు చెయ్యలేదట. దాన్ని ఆదర్శ వార్డుగా ప్రకటిస్తున్నారట. బాగున్నచోట అంతమంది మనుషులెందుకని, అక్కడి నర్సుల్లో సగంమందిని ఫిర్యాదులు ఎక్కువున్న వార్డులకి పంపుతున్నారట. అందరూ చప్పట్లు కొట్టారు. మా ఊరికి ఆ జబ్బు జ్వరంకంటే ముందే అంటుకుంది.

మా పిన్ని ఉన్నచోట ఫిర్యాదు లేకపోవడమేమిటి? పెళ్ళికి వెళ్తే పెళ్ళికొడుకు సూటు భుజాల దగ్గర ముడత పడిందని వేదిక ఎక్కి చెప్పొచ్చిన మనిషి. చావుకి వెళ్తే శవం మీద కప్పిన దుప్పటి అంచు ఊడిందని చూసి, సూదీ దారం అడిగిన మనిషి. ఆవిడ నోరు మూసుకుని పడుకుందంటే, అయితే స్పృహలో లేదు, లేకపోతే ప్రాణంతో లేదు.

పక్కసీటు అమ్మాయిని బతిమాలి ఆటల హాలు నంబర్లు నేను తీసుకున్నాను. పిన్ని నంబరు నొక్కాను. మోగింది. మోగి మోగి ఆగింది. 'ఫిర్యాదు లేదు' అని నొక్కితే తప్ప తర్వాతి నంబరు రాదు. నొక్కాను. తర్వాతి నంబరు మోగి ఆగింది. దాని తర్వాతిదీ అంతే. హాలు హాలంతా ఎవరూ ఎత్తలేదు. కొన్ని మోగను కూడా మోగలేదు, స్విచ్ ఆఫ్.

ఇంటికొచ్చి నా ఫోను నుంచి చేస్తూనే ఉన్నాను. మర్నాడు సెలవు పెట్టి మరీ చేశాను. మధ్యాహ్నానికి ఎవరో ఎత్తారు.

"ఎవరమ్మా నువ్వు, పొద్దుట్నుంచి ఒకటే మోత," అన్నాడు మగగొంతు.

"అది మా పిన్ని ఫోను. మీరెవరు?"

"గేటు దగ్గర సెక్యూరిటీని. ఫోన్లన్నీ నా దగ్గరే ఉంటాయి."

"మీ దగ్గరెందుకున్నాయి?"

"లోపలికి పోనివ్వరమ్మా. ఫోను మీద పురుగు ఉంటుందని ఆర్డరు. వచ్చినవాళ్ళ దగ్గర తీసుకుని కవర్లో చుట్టి తొట్టిలో వేస్తాం. ఇంటికెళ్ళేప్పుడు ఇచ్చేస్తాం."

"మోగితే ఎత్తరా?"

"ఎత్తకూడదని కూడా ఆర్డరే. నీది మరీ ఎక్కువైందని ఎత్తా. అసలు పొద్దున ఆఫీసు టైమయ్యేసరికి తొట్టి మొత్తం ఒకటే గోల, ఒకదాని తర్వాత ఒకటి. ఎవరు చేస్తారో, పనీపాటా లేదు."

ఆ చేసేది మేమే.

"లోపల మా పిన్ని ఎలా ఉందో ఒక్కసారి కనుక్కుని చెప్తారా?"

"నేను లోపలికి పోనమ్మా. పిల్లలు గలవాణ్ణి," అన్నాడు. పెట్టేసేముందు, పిన్ని ఫోను పాట బాగుంటుందని, మిగతావాటికంటే అదే వినబుద్ధవుతుందని చెప్పాడు.

రోగుల దగ్గర ఫోన్లు తీసుకోమన్న ఉత్తర్వు మా పై అంతస్తులో పుట్టింది. ఆ ఫోన్లకే చేసి అభిప్రాయం అడగమన్న ఉత్తర్వు మా అంతస్తులో పుట్టింది. రెండు అంతస్తుల వాళ్ళూ ఒకే మెట్లు ఎక్కుతారు, ఒకే మిషను దగ్గర టీ తాగుతారు. మనుషుల నోటికి గుడ్డ కట్టి, మీకేమైనా చెప్పాలని ఉందా అని అడిగి, లేదట అని రాసుకునే తెలివి ఇంకెవరికైనా ఉంటుందా? దానికి మళ్ళీ మొదటి స్థానం.

మర్నాడు పొద్దున్నే శాతం గారి గదిలోకి వెళ్ళి చెప్పాను. ఆయన పెన్ను కిందపెట్టి తలుపు దగ్గరగా వెయ్యమన్నాడు.

"ఈ విషయం ఇంకెవరికైనా చెప్పావా?"

"లేదు సార్. ముందు ఫోన్లు వాళ్ళకి ఇప్పించండి. లోపల ఎవరెలా ఉన్నారో తెలీడం లేదు. ఉన్న నర్సుల్ని కూడా తీసేశారు."

"ఇది సున్నితమైన విషయమమ్మా. మీటింగులో పెడతాను."

మీటింగు పెట్టారు. ఆ మధ్యాహ్నమే నిర్ణయం కూడా వచ్చింది, మా ఆఫీసు చరిత్రలో అంత తొందరగా ఏదీ రాలేదు. ఫోన్లు తొట్టిలోనే ఉంటాయి, పై అంతస్తు ఉత్తర్వుని కాదనడానికి లేదు. అయితే స్విచ్ ఆఫ్ అయిన ఫోన్లు 'అందుబాటులో లేరు' కింద లెక్కకి వచ్చి శాతాన్ని పాడుచేస్తున్నాయి కాబట్టి, ఇకనుంచి తొట్టిలో ఉన్న ఫోన్లన్నిటికీ క్రమం తప్పకుండా చార్జింగు పెట్టాలి.

నేను ముందు నవ్వాను. సాయంత్రం పిన్ని ఫోనుకి చేస్తే సెక్యూరిటీ ఆయన ఈసారి వెంటనే ఎత్తాడు. కబురు ఆయనకి సంతోషంగానే ఉంది. గేటు దగ్గర ప్లగ్గులు చాలక, లోపల ఫ్యాన్లు పెట్టుకున్న బోర్డులు పీకి తెచ్చి ఇక్కడ పెట్టారట. ఇప్పుడు ఫోన్లన్నీ నిండా చార్జింగుతో కళకళలాడుతున్నాయట. ఇక నవ్వు రాలేదు. నేను చేసింది ఒకే ఒక్క ఫిర్యాదు. దానివల్ల లోపల ఉన్నవాళ్ళకి ఉన్న గాలి కూడా పోయింది.

ఆ మర్నాడు హెడ్‌ఫోను తగిలించుకుని, ఆటల హాలు నంబర్లు తెరిచి, మోగి ఆగిన ప్రతి ఫోనుకీ 'తీవ్ర అసంతృప్తి' అని నొక్కాను. కింద మాటలు రాయడానికి ఒక ఖాళీ గడి ఉంటుంది, ఎప్పుడూ ఎవరూ వాడరు. అందులో పిన్ని ఏమని ఉండేదో అది రాశాను. 'మంచినీళ్ళు పొద్దున అడిగితే సాయంత్రం వచ్చాయి, అప్పటికి దాహం విసిగి వెళ్ళిపోయింది.' 'దుప్పటి ఇమ్మంటే కర్టెను ఇచ్చారు, ఇక నేను కిటికీలో నిలబడాలా?' 'ఫ్యాను తీసుకెళ్ళారు, బహుశా దానికీ జ్వరం వచ్చిందేమో.' రాస్తూ ఉంటే ఆవిడ నా పక్కనే కూర్చుని చెబుతున్నట్టుంది. పక్కసీటు అమ్మాయి ప్లాస్టిక్ అద్దంలోంచి చూసి, ఏమీ అడక్కుండా, తన నంబర్లకి కూడా అలాగే కొట్టడం మొదలుపెట్టింది.

మొదటి స్థానం పడిపోయింది. చివరికి చేరింది. దాహం విసిగి వెళ్ళిపోయిందన్న మాట ఎలాగో టీవీ వాళ్ళ చేతిలో పడింది. శాతం గారు రెండు పూటలా తలనొప్పి బిళ్ళలు మింగాడు. తీసుకెళ్ళిన నర్సుల్ని తిరిగి పంపారు, అదనంగా ఒక డాక్టర్ని వేశారు, ఫ్యాన్ల బోర్డులు మళ్ళీ లోపలికి వెళ్ళాయి. మా ఆఫీసులో నిజం చెప్తే చార్జింగు పెట్టారు, అబద్ధం చెప్తే నర్సుల్ని పంపారు.

ప్రజాభిప్రాయం ఊరుకుంటుందా? వీధి గ్రూపులో కింది వాటా ఆయన, ఆటల హాల్లో వాళ్ళకి విశ్వాసం లేదని రాశాడు. తేరగా తిని, తేరగా మందులు మింగి, మళ్ళీ కర్టెన్లకి వంకలా అన్నాడు. దానికింద బోలెడన్ని బొటనవేళ్ళు. అన్నయ్య అదే మాటని ఎత్తి కుటుంబం గ్రూపులో పెట్టి, ఇలాంటి వాళ్ళని లోపలికే రానివ్వకూడదు అని తనదొక ముక్క కలిపాడు.

'ఆ హాల్లో మీ అమ్మ ఉంది అన్నయ్యా, గుర్తుందా?' అని రాశాను.

చేతులు జోడించిన బొమ్మ పెట్టాడు.

ఆ తర్వాత కొన్నాళ్ళకి పిన్ని జ్వరం తగ్గిందని, తీసుకెళ్ళమని కబురొచ్చింది. బతికే ఉంది. దారి పొడుగునా ఏడుస్తూనే వెళ్ళాను. ఈసారి తాడు లేదు, గేటు దాకా రానిచ్చారు. ఎందుకంటే అక్కడ కెమెరా ఉంది. తిరిగి వెళ్ళేవాళ్ళతో నాలుగు మంచి మాటలు చెప్పించి టీవీ వాళ్ళకి ఇవ్వాలని శాతం గారు స్వయంగా వచ్చి నిలబడ్డాడు. నన్ను చూసి, "మీ పిన్నిగారా? మంచిదే, మన ఇంటి మనిషే," అన్నాడు.

చెప్పొద్దూ, నాకు లోపల పండగైంది. రానీ, వచ్చి మైకు ముందు నిలబడనీ అనుకున్నాను. నేను అరువు తెచ్చుకుని రాసిన నాలుగు మాటలకే ఇంత కదిలిన వాళ్ళు, అసలు నోరు విప్పితే ఏమైపోతారో చూడాలి. లోపల ఇంకా మంచాలు నిండుగా ఉన్నాయి. ఈ ఒక్క మనిషి ఉన్నది ఉన్నట్టు చెప్తే చాలు, మళ్ళీ ఎవరూ ఆ నర్సుల జోలికి వెళ్ళలేరు.

పిన్ని నడిచి వచ్చింది. సగమైంది. ఆవిడ కుట్టుకున్న జాకెట్టే ఆవిడ మీద వేలాడుతోంది. తొట్టిలోంచి ఫోను తీసి చేతికిచ్చారు, రెండు చేతులతో తీసుకుంది. శాతం గారు మైకు ముందుకి పెట్టాడు.

"అమ్మా, ఇక్కడ మిమ్మల్ని ఎలా చూసుకున్నారు?"

పిన్ని వెనక్కి తిరిగి, గుమ్మంలో నిలబడ్డ వార్డు మనుషులవైపు ఒకసారి చూసింది.

"అందరూ బాగా చూసుకున్నారు బాబూ. ఏ లోటూ లేదు."

"మంచినీళ్ళకి ఇబ్బందని ఎవరో అన్నారట?"

"అయ్యో, అడక్కుండానే ఇచ్చేవారు."

ఆయన ఆ మాట ఇంకోసారి చెప్పించుకున్నాడు, మొదటిసారి వెలుతురు సరిగ్గా పడలేదని. పిన్ని ఇంకోసారి చెప్పింది, అదే గొంతుతో, చేతులు కట్టుకుని.

ఆ ముక్క రోజంతా టీవీలో తిరిగింది. అన్నయ్య గ్రూపులో పెట్టి, మా అమ్మ అని గర్వంగా రాసుకున్నాడు. శాతం గారు నన్ను పిలిచి, నేను రాసిన మాటలన్నీ ముందు పెట్టి, స్వయంగా మీ పిన్నిగారే లేదంటుంటే ఇవెవరు చెప్పారమ్మా అని మెత్తగా అడిగాడు. నేను మాట్లాడలేదు. మౌనాన్ని ఆయన ఈసారి కూడా అంగీకారం కిందే రాసుకున్నాడు. నన్ను చెత్తబండ్ల ఫిర్యాదుల దగ్గరికి మార్చారు. ఆటల హాలు మళ్ళీ మొదటికి వచ్చింది, నర్సుల్ని మళ్ళీ తీశారు.

నన్ను మార్చిన రోజు సాయంత్రం ఇంటికొచ్చి పిన్ని మీద అరిచాను. జన్మలో మొదటిసారి నేను అరవడం, ఆవిడ వినడం.

"ఎందుకలా చెప్పావు? నీకేం భయం? ఎవడికి భయపడ్డావు నువ్వు?"

ఆవిడ మంచం మీద గోడకి ఆనుకుని కూర్చుంది.

"నా పక్క మంచం ఒకామె ఉండేదే. బస్సులో కండక్టరు. నాకంటే పెద్ద నోరు. మొదటి రోజు ఇద్దరం కలిసి అరిచాం, నీళ్ళ కోసం. ఆమె రెండో రోజు కూడా అరిచింది. మిగతావాళ్ళకి నిద్ర పాడవుతోందని ఆమె మంచం తీసుకెళ్ళి ఆ చివర వేశారు, స్కోరు రాసే బోర్డు ఉంటుంది చూడు, దాని కింద. అరిచేవాళ్ళందర్నీ అటే వేసేవారు. ఉన్నదే ఇద్దరు ముగ్గురు మనుషులు, అంత దూరం ఎవరు పోతారు? కొన్నాళ్ళు అరుపులు వినబడ్డాయి. తర్వాత దగ్గు వినబడింది. తర్వాత ఏమీ లేదు. డాక్టరు వచ్చి అటెలా ఉందని అడిగితే, అటు ప్రశాంతంగా ఉంది సార్ అన్నారు."

నేను ఆవిడ పక్కన కూర్చున్నాను.

"నేను ఆ రోజు నుంచి అందర్నీ అమ్మా అన్నాను, బాబూ అన్నాను. నాకు నీళ్ళొచ్చాయి. మధ్యలో ఎందుకో నర్సులు ఇంకొంతమంది వచ్చారు. మంచి పిల్లలు. అప్పటికే ఆమె మంచం ఖాళీ చేసేశారు."

"ఇప్పుడు బయటికొచ్చేశావు కదా పిన్నీ. ఇప్పుడు చెప్పొచ్చు కదా. లోపల ఇంకా ఉన్నారు కదా జనం."

"మళ్ళీ నాకు జ్వరం రాదని వాళ్ళేమైనా చెప్పారా?" అంది. అని, కొంగుతో మూతి తుడుచుకుని, "నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందే. అందరూ చెప్తూనే ఉన్నారు, నేనే వినలేదు," అంది.

నేను ఇన్నాళ్ళూ ఫోనులో విన్న గొంతులన్నీ నాకు గుర్తొచ్చాయి. బాగుందమ్మా, ఏ లోటూ లేదమ్మా, చాలా బాగా చేస్తున్నారమ్మా. వాళ్ళందర్నీ వెధవలని అనుకున్నాను. వెధవలే, కాదనను. కాని వాళ్ళలో ఎందరు స్కోరు బోర్డు చూసొచ్చి మాట్లాడారో నేనెప్పుడూ అడగలేదు. నా కాగితంలో ఆ ప్రశ్న లేదు.

పిన్ని లేచి తిరుగుతోంది ఇప్పుడు. మొన్న ముందు వీధి ఆవిడ చొక్కా బిగుతైందని తెచ్చింది. గుమ్మం అవతలే నిలబడి, కవరు లోపలికి విసిరింది. మిషను పక్కన టేపు వేలాడుతూనే ఉంది. పిన్ని దానివైపు చూడను కూడా చూడలేదు. "నా పొరపాటే అయ్యుంటుందమ్మా, విప్పి మళ్ళీ కుట్టి ఇస్తాను," అంది. ఆవిడ వెళ్తూ వెళ్తూ, జ్వరం వచ్చిపోయాక మీ పిన్ని మంచిగా మారిందే అని నాతో అంది. చెత్తబండ్ల దగ్గర రోజూ వందల తిట్లు తింటున్నాను గాని, వాటిలో ఏదీ నన్ను అంత కాల్చలేదు.

నిన్న నేను ఇవతలి గదిలో బట్టలు మడతపెడుతున్నాను. అవతల్నుంచి ఏదో గొంతు వినబడింది. ఎవరైనా వచ్చారేమోననుకున్నాను. ఒకప్పుడు ఆ గదిలోంచి 'ఏమే, చెవుల్లో సీసం పోసుకున్నావా' అన్న కేక వస్తే వీధి చివర కుక్క కూడా తల తిప్పేది.

"అమ్మా, తొందరేం లేదు. నీకు వీలైతేనే, కాసిని మంచినీళ్ళిస్తావా?"

తీసుకెళ్ళి ఇచ్చాను. రెండు చేతులతో పట్టుకుని తాగింది. ఖాళీ గ్లాసు నా చేతికిచ్చి, నేను ఇంకా అక్కడే నిలబడి ఉండటం చూసి, కాస్త సర్దుకుని కూర్చుంది.

"చాలా బాగున్నాయమ్మా నీళ్ళు," అంది.

నేనేమీ అడగలేదు.